పుర్పుర: ఒక రంగుమాట పుట్టుపూర్వోత్తరాలు

కావ్యంలోనో కథలోనో వర్ణన సందర్భాన్ని మించి మెరిసినప్పుడు "పర్పుల్ పాచ్" అని ఒక మాట విసిరి ముందుకు సాగిపోవడం మన విమర్శకులకు చాలాకాలంగా ఉన్న అలవాటు. ఇంగ్లీషు చదువుల ద్వారా మనకు వచ్చిన ఈ మాట అసలు ఇంగ్లీషుది కాదు. రెండువేల ఏళ్ల కిందట హొరేసు అనే లాటిన్ కవి తన "ఆర్స్ పొయెటికా" ఆరంభంలోనే దీన్ని వాడాడు. గంభీరంగా ఎత్తుకున్న కావ్యంలో దూరానికి మెరిసేట్టు ఒకటి రెండు ఊదా గుడ్డపీలికలు కుట్టేవాళ్లున్నారని, దేవతావనాలూ ఏళ్ల వంపులూ ఇంద్రధనుస్సులూ బాగానే ఉంటాయిగాని వాటికి అక్కడ చోటు లేదని ఆయన ఫిర్యాదు. ఈ సంగతి తెలిసినవాళ్లు కూడా అతుకు గురించి మాట్లాడతారేగాని ఆ అతుకు రంగు గురించి మాట్లాడరు. అది పచ్చదో పసుపుదో కాకుండా ఊదాదే ఎందుకయింది? ఈ ప్రశ్న వేసుకుంటే మనం కావ్యశాస్త్రం దగ్గరనుంచి కుళ్లిన నత్తమాంసం ఉడికే తొట్టి దగ్గరకు నడవవలసి వస్తుంది. ఆ నడక అవసరమని ఈ వ్యాసం ఉద్దేశం.

శబ్దచర్చ అనగానే అది పండితుల సొత్తు, మనకెందుకులే అనే ధోరణి అభ్యుదయ విమర్శలో ఇంకా పూర్తిగా పోలేదు. 1943లో తెనాలిలో మన తొలి మహాసభకు అధ్యక్షత వహించిన తాపీ ధర్మారావుగారు ఆచారాల పుట్టుపూర్వోత్తరాలను తవ్వి తీసి, పవిత్రమనుకున్నవాటి కింద ఎలాంటి మట్టి ఉందో చూపించారు. ఆచారాలకు చెల్లినది మాటలకూ చెల్లుతుంది. పైగా మాటలో ఒక సదుపాయం ఉంది. ఆచారం తన పాత రూపాన్ని దాచుకుంటుంది. మాట తన ప్రత్యయాల్లో దాన్ని బయటపెట్టేస్తుంది.

లాటిన్‌లో ఈ రంగుకు నామవాచకం "పుర్పుర". స్త్రీలింగం, మొదటి వర్గం విభక్తులు. ఇది లాటిన్ సొంత మాట కాదు, గ్రీకు "పోర్ఫురా" నుంచి వచ్చింది. గ్రీకులోని మహాప్రాణం "ఫ" లాటిన్‌లో అల్పప్రాణం "ప" అయింది. గ్రీకు మహాప్రాణాలను విడిగా రాయడం లాటిన్ వాళ్లకు అలవాటు కాకముందే మాట వచ్చి చేరిందని దీన్నిబట్టి తెలుస్తుంది. పండితులు పుస్తకాల్లో చదివి తెచ్చుకున్న మాటలకు ఇలా జరగదు. ఓడరేవుల్లో, అంగళ్లలో, బేరాల్లో నోట పడి వచ్చిన మాటలకే జరుగుతుంది. చదువుకు ముందే సరుకు వచ్చింది, సరుకుతో పేరు వచ్చింది.

గ్రీకులో ఆ మాటకు మొదటి అర్థం రంగు కాదు. సముద్రంలో దొరికే ఒక ముళ్ల నత్త పేరది. ఆ నత్తనుంచి తీసిన రంగుకు, ఆ రంగు అద్దిన గుడ్డకు అదే పేరు పాకింది. గ్రీకుకు కూడా ఇది అంతకు ముందరి మధ్యధరా జాతుల భాషనుంచి వచ్చి ఉంటుందని భాషావేత్తల్లో ఎక్కువమంది అభిప్రాయం. ఎంత పాతదంటే, క్రీటు ద్వీపంలో నోసస్ రాజభవన శిథిలాల్లో దొరికిన మట్టి ఫలకాల్లోనే ఈ మాట ఉంది. 1952లో మైకేల్ వెంట్రిస్ ఆ లిపిని ఛేదించిన తరువాత చదవగలిగిన ఆ రాతలు కావ్యాలు కావు, స్తోత్రాలు కావు. రాజుగారి గిడ్డంగి లెక్కలు. ఎన్ని గొర్రెలు, ఎంత ఉన్ని, ఎవరికి ఎంత ధాన్యం అనే చిట్టాలు. వాటిలో ఈ రంగుమాట సరసన "వానక్తెరో", అంటే "రాజుకు చెందిన" అనే విశేషణం కనిపిస్తుంది. మూడువేల ఏళ్లకు పైబడిన ఈ మాట మనకు మొదటిసారి తారసపడేది జమాఖర్చు పుస్తకంలో, యజమాని పేరు పక్కన!

ఇక వ్యాకరణం. పుర్పుర అనే నామవాచకం మీద లాటిన్ మూడు ప్రత్యయాలు చేర్చి మూడు మాటలు చేసుకుంది. ఈ మూడింటినీ విడివిడిగా నిఘంటువుల్లో చూసినవాళ్లే ఎక్కువ. పక్కపక్కన పెట్టి చూస్తేగాని విషయం బోధపడదు.

మొదటిది "పుర్పురెయుస్". చివరనున్న "-ఎయుస్" అనే ప్రత్యయం ఒక పదార్థంతో చేసినదని చెప్పడానికి వస్తుంది. ఔరుమ్ అంటే బంగారం, ఔరెయుస్ అంటే బంగారుది. ఫెర్రుమ్ ఇనుము, ఫెర్రెయుస్ ఇనుపది. లిగ్నుమ్ కట్టె, లిగ్నెయుస్ కట్టెతో చేసినది. మన భాషలో ఇనుము "ఇనుప పెట్టె" అన్నప్పుడు మారినట్టు, బంగారం "బంగారు మురుగు" అన్నప్పుడు మారినట్టు అన్నమాట. కనుక పుర్పురెయుస్ అనే మాటకు వ్యాకరణం ఇచ్చే అర్థం "ఊదారంగు గల" అని కాదు, "పుర్పురతో అయిన" అని. అంటే మూలంలో అది కంటికి కనిపించే గుణాన్ని చెప్పే విశేషణం కాదు, పదార్థాన్ని చెప్పే విశేషణం. తెలుపు, నలుపు, ఎరుపులకు లాటిన్‌లో అల్బుస్, నిగెర్, రుబెర్ అనే సొంత మాటలున్నాయి. అవి ఏ వస్తువునుంచీ పుట్టినట్టు పైకి తెలియవు. పుర్పురెయుస్ మాత్రం తన తొట్టిని వెంటబెట్టుకునే తిరుగుతుంది. మరొక చిన్న సంగతి. లాటిన్‌లో "-ఉస్"కు ముందు అచ్చు ఉన్న ఇలాంటి విశేషణాలకు "ఇంకా ఎక్కువ" అని చెప్పే మామూలు తారతమ్య రూపం రాదు, వేరే మాట చేర్చుకోవాలి. ఇది ధ్వనికి సంబంధించిన నియమమేగాని అర్థానికి కూడా బాగానే అతికింది. మన ఇనుప పెట్టె ఇంకో పెట్టెకంటే ఎక్కువ ఇనుపది ఎలా అవుతుంది?

రెండవది "పుర్పురాతుస్". "-ఆతుస్" అంటే ధరించిన, కలిగి ఉన్న. గడ్డం ఉన్నవాడు బార్బాతుస్, రోమన్ పౌరుడి వస్త్రమైన తోగా కట్టినవాడు తోగాతుస్. పుర్పురాతుస్ అంటే ఆ వస్త్రం ధరించినవాడు. వాడుకలో రాజాస్థానంలోని పెద్దమనిషి, రాజు కొలువులో ఉండే అమాత్యుడు. చరిత్రకారుడు లీవీ తూర్పుదేశపు రాజుల కొలువుల గురించి రాస్తూ ఈ మాటను అధికారి అనే అర్థంలోనే వాడతాడు. ఇక్కడికి వచ్చేసరికి రంగు వెనక్కు పోయి పదవి ముందుకు వచ్చింది.

మూడవది "పుర్పురారియుస్". "-ఆరియుస్" వృత్తిని చెప్పే ప్రత్యయం. ఫెర్రారియుస్ కమ్మరి, లానారియుస్ ఉన్నిపని చేసేవాడు, పుర్పురారియుస్ ఈ రంగు అద్దేవాడు లేదా అమ్మేవాడు. స్త్రీ అయితే పుర్పురారియ. బైబిలు "అపొస్తలుల కార్యములు" చదివినవాళ్లకు తుయతైర పట్టణానికి చెందిన లూదియ గుర్తుండే ఉంటుంది. తెలుగు బైబిలులో ఊదారంగు అమ్మే ఆ స్త్రీని లాటిన్ బైబిలు పుర్పురారియ అంటుంది.

ఒకే ధాతువుమీద మూడు ప్రత్యయాలు: ఒకటి వస్తువుకు, ఒకటి తొడుక్కున్నవాడికి, ఒకటి పనిచేసేవాడికి. లాటిన్ సాహిత్య చరిత్రలో ఈ మూడింటికీ దక్కిన స్థానం సమానం కాదు. పుర్పురెయుస్ మహాకావ్యాల్లో విహరించింది. పుర్పురాతుస్ చరిత్రగ్రంథాల్లో కొలువు తీరింది. పుర్పురారియుస్ ఎక్కువగా సమాధిరాళ్ల మీద మిగిలింది.

దీనికి ఒక మినహాయింపుందని చెప్పకపోతే అన్యాయమవుతుంది. క్రీ.పూ. 184లో చనిపోయిన ప్లౌతుస్ ప్రజారంజకమైన ప్రహసనాలు రాసినవాడు. ఆయన "ఔలులారియ" నాటకంలో ఒక ధనవంతుడు కట్నం తెచ్చుకున్న భార్యల ఆడంబరం మీద విసుక్కుంటూ వాళ్లు కోరే వస్తువుల్లో పుర్పురను చేరుస్తాడు. కొంతసేపటికి అదే మనిషి, డబ్బుకోసం ఇంటిముందు నిలబడే పనివాళ్ల జాబితా చదువుతాడు. చాకలి, కుట్టుపనివాడు, కంసాలి, ఉన్నిపనివాడు. ఆ వెంటనే ఫ్లమ్మారియి, వియోలారియి, కారినారియి అని మూడు రకాల అద్దకపువాళ్లు. ఒకరు నిప్పువన్నె వేసేవాళ్లు, ఒకరు నీలిపూవన్నె వేసేవాళ్లు, ఒకరు గోధుమవన్నె వేసేవాళ్లు. ఒక్కొక్క వన్నెకు ఒక్కొక్క వృత్తి, ఒక్కొక్క వృత్తికి ఒక్కొక్క బాకీ! నవ్వించడానికే రాసినా, రంగు అనేది మనుషులు చేసే పని అని, దానికి కూలి ఇవ్వవలసి ఉంటుందని గుర్తుంచుకున్న లాటిన్ పుటలు ఇవి. తరువాతి మహాకవులు ఈ జాబితాను మరిచిపోయారు.

ఇంతకూ ఆ పని ఏమిటి? క్రీ.శ. మొదటి శతాబ్దంలో ప్లినీ తన "ప్రకృతి చరిత్ర" తొమ్మిదవ భాగంలో దీన్ని ఓపికగా రాసిపెట్టాడు. ఎర పెట్టిన బుట్టలు సముద్రంలో దించి నత్తలను పట్టాలి. పెద్దవాటిని గుల్లనుంచి బయటికి లాగి రంగుండే నాళాన్ని తీయాలి. చిన్నవాటినైతే గుల్లతో సహా సజీవంగా నలగ్గొట్టాలి. దానికి ఉప్పు కలిపి మూడు రోజులు నాననివ్వాలి. ఆ తరువాత సీసపు పాత్రలో సన్నని సెగమీద ఉడికించాలి. మంట నేరుగా తగలకూడదు గనుక పొయ్యి దూరంగా పెట్టి గొట్టం ద్వారా వేడి పంపాలి. పైకి తేలే మాంసపు తెట్టెను తీస్తూ ఉండాలి. పదోరోజు ప్రాంతంలో వడకట్టి, ఉన్ని ముంచి చూసి, వన్నె కుదిరేదాకా కాగబెట్టాలి. అప్పుడు ఉన్నిని అయిదు గంటలు నానబెట్టి, తీసి ఏకి, మళ్లీ ముంచాలి. శ్రేష్ఠమైన తూరు నగరపు రంగుకు రెండు అద్దకాలు.

ఈ పని వాసన ఎలాంటిదో భూగోళ రచయిత స్ట్రాబో చెప్పాడు. అద్దకపు కార్ఖానాలు లెక్కకు మించి ఉండడంవల్ల తూరు నివాసానికి అసహ్యమైన ఊరయిందని, ఆ నైపుణ్యంవల్లే ధనవంతమైన ఊరూ అయిందని ఒకే వాక్యంలో రాశాడు. సంపదా దుర్గంధమూ ఒకే తొట్టిలోంచి వచ్చాయన్నమాట. ఎవరి వాటా ఎవరికి దక్కిందో మనం ఊహించుకోవచ్చు. సీడోను దగ్గర ఆ నత్తగుల్లలు గుట్టలుగా నేటికీ మిగిలి ఉన్నాయి. 1909లో పాల్ ఫ్రీడ్‌లాండర్ అనే రసాయన శాస్త్రవేత్త 12,000 నత్తల నుంచి 1.4 గ్రాముల శుద్ధమైన రంగు తీయగలిగాడు. అది నీలిమందు అణువుకు రెండు బ్రోమిను పరమాణువులు తగులుకున్న పదార్థమని కూడా ఆయనే తేల్చాడు.

ఈ లెక్క తెలిసిన తరువాత ధరలు చూడాలి. కొర్నేలియుస్ నేపోస్ మాటగా ప్లినీ చెప్పినదాని ప్రకారం ఆయన యౌవనంలో వాడుకలో ఉన్న నీలిపూవన్నె పుర్పుర పౌను నూరు దెనారియుసులకు అమ్మేది. తరువాత వచ్చిన తూరు జంట అద్దకం వెయ్యి దెనారియుసులకు కూడా దొరికేది కాదు. ఆగస్టస్ కాలంలో రోమన్ సైనికుడి ఏడాది జీతం 225 దెనారియుసులు. మరో మూడువందల ఏళ్లకు నాణెం విలువ పడిపోయాక, 301లో డయొక్లెషియన్ చక్రవర్తి ధరల శాసనం పుర్పుర పట్టు పౌనుకు 1,50,000 దెనారియుసులు, పుర్పుర ఉన్నికి 50,000 అని నిర్ణయించింది. అదే శాసనంలో వ్యవసాయ కూలీకి భోజనం పెట్టి రోజుకు 25. అంటే ఒక పౌను పట్టు ఆరువేల రోజుల కూలి, పదహారేళ్లకు పైమాట. ఈ రెండు అంకెలూ ఒకే శాసనంలో ఉన్నందుకు ఆ చక్రవర్తికి మనం కృతజ్ఞత చెప్పుకోవాలి.

ఇప్పుడు కవుల దగ్గరకు వద్దాం. లాటిన్ కవిత్వంలో పుర్పురెయుస్ అనే విశేషణం పట్టుకునే వస్తువులు చూస్తే మొదట ఆశ్చర్యం కలుగుతుంది. సముద్రం పుర్పురెయుస్. యౌవనపు కాంతి పుర్పురెయుస్. హొరేసు చివరి గీతాల్లో వీనస్ బండి లాగే హంసలు పుర్పురెయుస్! కర్త తెలియని ఒక స్మృతిగీతంలో మంచు కూడా పుర్పురెయుస్. ఊదా హంసలేమిటి, ఊదా మంచేమిటి?

గ్రీకు కావ్యాల్లోని ఇలాంటి ప్రయోగాలు చూసి పందొమ్మిదో శతాబ్దపు ఐరోపా పండితులు ఒక వింత నిర్ణయానికి వచ్చారు. తరువాత బ్రిటిష్ ప్రధాని అయిన గ్లాడ్‌స్టన్ 1858లో హోమరు మీద రాసిన గ్రంథంలో ప్రాచీనులకు రంగుల స్పృహ ఇంకా పూర్తిగా వికసించలేదన్నాడు. 1877లో హూగో మాగ్నుస్ అనే కంటివైద్యుడు దీన్ని మానవజాతి కన్ను క్రమక్రమంగా ఎదిగిన కథగా మార్చాడు. రెండేళ్లకే గ్రాంట్ ఆలెన్ దీన్ని ఖండించాడనుకోండి. అయినా పాత మనుషుల కళ్లు పచ్చివని, మన కళ్లు పండాయని అనుకోవడంలో ఉన్న సుఖం అంత తొందరగా పోలేదు. సామ్రాజ్యాలు ఏలే రోజుల్లో పరాయి జాతులనూ పాత జాతులనూ ఒకే గాటకట్టి పిల్లవాళ్ల కింద జమకట్టడం ఆ పండితులకు సహజమే.

కళ్లలో వెతికినదాన్ని చేతుల్లో వెతికి ఉంటే సమాధానం దొరికేది. ఆ నత్త రసం బయటికి తీసినప్పుడు దాదాపు రంగులేనిది. గాలి, వెలుతురు తగిలేకొద్దీ పసుపు, ఆకుపచ్చ, నీలం మీదుగా ఊదాకు మారుతుంది. అద్దిన గుడ్డ కూడా అంతే. ఉత్తమమైన తూరు పుర్పుర గడ్డకట్టిన నెత్తురులా ఎదురుగా చూస్తే నల్లగాను, వెలుతురుకు పట్టి చూస్తే నిగనిగలాడుతూను ఉండాలని ప్లినీ స్పష్టంగా రాశాడు. వాస్తుశాస్త్రకారుడు విత్రూవియుస్ అయితే ఏ తీరంలో పట్టిన నత్తకు ఏ ఛాయ వస్తుందో చెబుతూ నలుపునుంచి ఎరుపు దాకా వరసపెట్టాడు. కాబట్టి పుర్పురెయుస్ అన్నప్పుడు రోమన్ పాఠకుడికి స్ఫురించేది ఇంద్రధనుస్సులో ఒక చార కాదు. వెలుతురును బట్టి మారుతూ, లోపలనుంచి వెలిగినట్టుండే ఒక గుడ్డ నిగారింపు. కదిలే సముద్రానికి ఆ నిగారింపు ఉంది. ఎండపడిన మంచుకు ఉంది. హంస రెక్కకు ఉంది. లాటిన్‌కు మామూలు తెలుపూ మెరిసే తెలుపూ వేరువేరు మాటలు (అల్బుస్, కాండిడుస్). మెరిసే నలుపూ వెలవెలబోయిన నలుపూ వేరువేరు మాటలు (నిగెర్, ఆతెర్). మెరుపును ఇంత నిశితంగా పట్టించుకున్న భాషవాళ్లకు కన్ను సరిగా లేదనడం ఎంత సాహసం! 1949లో జాక్ ఆంద్రే లాటిన్ రంగుమాటలన్నిటినీ ఏర్చి కూర్చిన గ్రంథం, 2009లో మార్క్ బ్రాడ్లీ రోమన్ల రంగులమీద రాసిన పుస్తకం చూస్తే ఈ మాటలు వస్తువులను వదిలి బతకవన్నది మరింత తేటపడుతుంది.

అయితే ఇక్కడ ఆగిపోతే మనది సగం విమర్శే అవుతుంది. గుడ్డ నిగారింపును గుడ్డనుంచి విడదీసి హంసకూ సముద్రానికీ తొడగడం కవిత్వం చేసే పనే, అందులో తప్పులేదు. కాని ఆ విడదీతలో ఏది వెంట వచ్చింది, ఏది తొట్టి దగ్గరే ఉండిపోయింది అని అడిగే హక్కు మనకుంది.

వర్జిల్ నాలుగవ గోపగీతం చూడండి. క్రీ.పూ. 40 ప్రాంతంలో, అంతర్యుద్ధాలతో విసిగిన రోమ్‌కు రాబోయే స్వర్ణయుగాన్ని వర్ణించిన గీతమది. ఆ యుగంలో వ్యాపారి ఓడ దిగుతాడు, నేలకు నాగటి గాయం ఉండదు, ఎద్దుకు కాడి ఉండదు. ఉన్ని రంగులు నటించడం మానేస్తుంది. మైదానంలో మేసే పొట్టేలు తన ఉన్నిని తానే పుర్పుర వన్నెకు, కుంకుమపూవన్నెకు మార్చుకుంటుంది. ఇదీ ఆ స్వప్నం. పండితులు దీన్ని కవి చమత్కారంగా మెచ్చుకుంటారు, కొందరు చిరునవ్వు నవ్వి ఊరుకుంటారు. నాకు మాత్రం ఇది ఆ గీతం మొత్తంలో కీలకమైన చోటు అనిపిస్తుంది. అద్దకపువాడి పనికి ఇక్కడ పెట్టిన పేరు అబద్ధమాడడం. అబద్ధం పోవాలి, సరే. కాని పుర్పుర పోవడంలేదు! శ్రమ లేని లోకాన్ని ఊహించిన కవి విలాసం లేని లోకాన్ని ఊహించలేకపోయాడు. తొట్టి పోయింది, వాసన పోయింది, పుర్పురారియుస్ పోయాడు. పౌను వెయ్యి దెనారియుసుల ఉన్ని మాత్రం పచ్చికలో ఉచితంగా నడిచి వస్తున్నది. బానిసలమీద నిలబడ్డ సమాజం తన ఉత్తమ కవి నోట కన్న కల ఇది. బానిసలను విడిపించే కల కాదు, బానిసల అవసరం కనబడకుండా పోయే కల.

వర్జిల్‌కు న్యాయం చేయాలంటే ఆయన "జార్జిక్స్"లో రైతు జీవితాన్ని పొగుడుతూ రాజుల పుర్పురకు లొంగని మనిషిని నిలబెట్టాడని కూడా చెప్పాలి. హొరేసు సైతం నిరంకుశులకు విశేషణంగా ఇదే మాట వాడాడు. అధికారానికి గుర్తుగా ఆ రంగును వాళ్లు చూడలేదనడానికి వీల్లేదు. చూశారు, తూలనాడారు కూడా. అయితే వాళ్ల అభ్యంతరమంతా తొడుక్కున్నవాడి అహంకారం మీదే. దాన్ని తయారుచేసినవాడి స్థితి వారి దృష్టికి రాలేదు.

అధికారానికి మాత్రం తయారుచేసేవాడు బాగానే కనిపించాడు. జూలియస్ సీజర్ పుర్పుర వస్త్రాలు ఎవరు, ఎప్పుడు కట్టాలో పరిమితి పెట్టాడు. నీరో తూరు వన్నెను నిషేధించి, తానే ఒక మనిషిని పంపి సంతరోజున కొద్ది ఔన్సులు అమ్మించి, ఆ నెపంమీద వర్తకులందరి అంగళ్లూ మూయించాడని స్యుతోనియుస్ రాశాడు. చివరి శతాబ్దాల్లో ఈ పని ప్రభుత్వ కార్ఖానాల్లోకి పోయింది. 438లో వెలువడిన థియొడోషియస్ ధర్మసంహితలో "మురిలెగులి" అనే మాట వస్తుంది: మూరెక్స్ నత్తలను ఏరేవాళ్లు. వాళ్లు ఆ పనికి పుట్టుకతో కట్టుబడినవాళ్లు; వాళ్ల పిల్లలూ ఆ స్థితిని వదలకూడదు, ఇంకో వృత్తికి జారుకున్నవాణ్ణి వెనక్కు లాక్కురావాలి. వృత్తిని పుట్టుకకు ముడివేయడం ఎలా ఉంటుందో మన పాఠకులకు వివరించనక్కరలేదు. పుర్పుర ధరించడం చక్రవర్తి కావడానికి పర్యాయపదమైన ఆ రోజుల్లోనే, ఆ పుర్పురను ఏరేవాడికి సంకెల కూడా చట్టంలోకి ఎక్కింది.

ఇంత చెప్పిన తరువాత ఒక జాగ్రత్త అవసరం. నికొలాయ్ మార్ అనే సోవియట్ భాషావేత్త భాషే వర్గస్వభావం కల ఉపరితల నిర్మాణమని వాదించాడు. 1950లో స్టాలిన్ ప్రావ్దాలో రాసిన వ్యాసాల్లో ఆ వాదాన్ని తిరస్కరించాడు. ఆ ఒక్క విషయంలో తిరస్కారం సరైనదే. "-ఎయుస్" పాలకవర్గ ప్రత్యయమూ కాదు, "-ఆరియుస్" శ్రామికవర్గ ప్రత్యయమూ కాదు. సెనేటరూ బానిసా ఒకే వ్యాకరణంతో మాట్లాడారు. వొలోషినోవ్ 1929లో చెప్పినట్టు ఒకే మాటమీద వేరువేరు వర్గాల ఉచ్చారణల బరువు పడుతుంది, ఘర్షణ అక్కడ జరుగుతుంది. లాటిన్ వ్యాకరణం మూడు మాటలనూ సమానంగానే కని ఇచ్చింది. వాటిలో ఒకదాన్ని కావ్యానికి, ఒకదాన్ని కొలువుకు, ఒకదాన్ని సమాధికి పంపింది వ్యాకరణం కాదు.

మళ్లీ హొరేసు పీలిక దగ్గరకు. తన తండ్రి దాస్యంనుంచి విడుదలైనవాడని తానే చెప్పుకున్న కవి ఆయన. ఊదా పీలిక తప్పని ఆయన ఎందుకన్నాడో ఇప్పుడు ధర తెలిసి చదవాలి. పేదగుడ్డమీద కుట్టిన ఖరీదైన ముక్క అది. సెనేటర్ల దుస్తుల మీద వెడల్పు పుర్పుర పట్టీ, వారికి దిగువవారికి సన్నపట్టీ ఉండే సమాజంలో, పట్టీ వెడల్పు చూసి మనిషిని కొలిచే కళ్లముందు, కావ్యానికి కూడా ఒక పట్టీ కుట్టి హోదా తెచ్చుకోవాలన్న ఆరాటాన్ని ఆయన వెక్కిరించాడు. అందంగా ఉండడం ఆ పీలిక నేరం కాదు. మిగతా బట్టకు సంబంధంలేని చోటునుంచి వచ్చి, మిగతా బట్టను చిన్నబుచ్చడం నేరం.

ఇది మనకూ తగులుతుంది. మన రంగు ఎరుపు. 1970ల నుంచి మన పత్రికల్లో వచ్చిన కవితలు వరసగా చదివితే "ఎర్ర" అనే విశేషణం గాలికీ చినుకుకూ వెన్నెలకూ పాటకూ నిద్రకూ కూడా అతుక్కుని కనిపిస్తుంది. వాటిలో కొన్ని నెత్తురు చెల్లించి తెచ్చుకున్న ప్రయోగాలు, వాటి జోలికి నేను పోను. చాలావాటిలో మాత్రం అది కుట్టిన పట్టీ. కవి ఏ వరసలో కూర్చుంటాడో దూరంనుంచి తెలిసేందుకు పెట్టుకున్నది. ఎరుపు అన్నది కూడా ఒకప్పుడు మనదేశంలో తొట్టిలోంచే వచ్చింది. బందరు అద్దకపు ఎరుపు చిరివేరునుంచి వచ్చింది. ఆ వేరు తవ్వినవాళ్లున్నారు, దంచినవాళ్లున్నారు, గుడ్డను ఉడికించి ఏటినీటిలో జాడించినవాళ్లున్నారు. ఆ పని తెలిసిన ఎరుపు మన కవిత్వంలో ఎంత ఉంది? వంకాయరంగు, చిలకపచ్చ, నెమలికంఠం, ఇటికరాయి రంగు అని నేతగాళ్లూ చీరలమ్మేవాళ్లూ రోజూ వస్తువును పట్టుకునే రంగు చెబుతున్నారు. వాళ్ల మాటల్లో పుర్పురెయుస్ వ్యాకరణం సజీవంగా ఉంది. మన కావ్యభాషలో అది ఎండిపోయింది.

పుర్పుర తరువాతి జీవితం గురించి నాలుగు మాటలు. పాత ఇంగ్లీషులోకి వెళ్లి రెండో "ర" "ల"గా మారి "పర్పుల్" అయింది. 1856లో విలియం పెర్కిన్ బొగ్గుతారునుంచి కృత్రిమంగా ఊదా రంగు తీసినప్పుడు మొదట దానికి తూరు పుర్పుర పేరే పెట్టి అమ్మజూశాడు. ఆ దారిలోనే 1897లో కృత్రిమ నీలిమందు బజారుకు వచ్చింది. అంతకు ముందే 1859లో బెంగాలు రైతులు నీలితోటల దొరలమీద తిరగబడ్డారు, 1860లో దీనబంధు మిత్ర "నీల్‌దర్పణ్" రాశారు. ఇండియానుంచి వచ్చినది గనుక రోమన్లు "ఇండికుమ్" అని పిలిచిన ఆ మందుకూ తూరు పుర్పురకూ అణువులో తేడా రెండు బ్రోమిను పరమాణువులే. దేశం పేరే రంగు పేరయిన ఆ రెండో మాట చరిత్ర వేరే వ్యాసానికి తగినంత ఉంది.

ఇటలీలో పార్మా పట్టణంలో ఒక సమాధిరాయి ఉంది. దానిమీద గాయుస్ పూపియుస్ ఆమికుస్ అనే పేరు, ఆ పేరు మధ్యలో "ఎల్" అని ఒక్క అక్షరం. అది "లీబెర్తుస్"కు సంక్షిప్తం, అంటే యజమాని విడుదల చేసిన బానిస. పేరు తరువాత వృత్తి: పుర్పురారియుస్. పక్కన అతని పనిముట్లు చెక్కారు.